తెరిసమ్మ పళ్ళెం

మా ఊరికి రోడ్డు లేదు. వేస్తామని ఓట్లప్పుడు కూడా ఎవరూ మాటివ్వలేదు, ఎందుకంటే చుట్టూ నీళ్ళే. ముంచంగిపుట్టు దాటి ఒడిశా వైపు దిగితే డ్యాము నీళ్ళు కనిపిస్తాయి. ఎప్పుడో ఆ డ్యాము కట్టినప్పుడు లోయలూ పొలాలూ మునిగిపోయి, కొండల తలలు మాత్రం పైన మిగిలాయట. ఆ తలల మీదే మా కాపురాలు. ఒక్కోదాన్ని ఒక్కో మెట్ట అంటారు. మేముండేది గుమ్మిమెట్ట. పక్కన మేకలమెట్ట, దాని వెనక జీలుగుమెట్ట. మా రేవుకి సరిగ్గా ఎదురుగా ఉన్నది శిలువమెట్ట. అక్కడ బతికున్నవాళ్ళెవరూ ఉండరు. ఏ మెట్ట మీద ఎవరు పోయినా పడవలో తీసుకెళ్ళి అక్కడే పూడ్చిపెడతారు.

నేను ఈ నీళ్ళలో పుట్టినదాన్ని కాదు. నాది డుంబ్రిగుడ. సంత, జీపులు, సెల్ టవరు చూస్తూ పెరిగాను. ఎలీయేజరు ఎండుచేపలు అమ్ముకోవడానికి మా సంతకి వచ్చేవాడు. నేను ఎప్పుడు కొన్నా తూకం అయ్యాక ఒక చేప ఎక్కువ వేసి, ఏమీ ఎరగనట్టు ఇంకోవైపు చూసేవాడు. అలా ఎక్కువేసిన చేపల కోసమే వచ్చి ఈ మెట్ట మీద పడ్డానని మా అమ్మ ఇప్పటికీ నన్ను ఏడిపిస్తుంది. రెండో పెళ్ళివాడని తెలుసు. మొదటి భార్య తెరిసమ్మ జ్వరంతో పోయిందని తెలుసు. పోయినవాళ్ళు పోతారులే అనుకున్నాను.

చలికాలం వస్తే ఇక్కడ చూడాలి. మెట్టల వాలంతా నూనెగింజల కోసం చల్లిన వలిసె పూలు పసుపుపచ్చగా పరుచుకుంటాయి. మునిగిపోయిన చెట్ల మోళ్ళు నీళ్ళలోంచి నిలబడి ఉంటాయి, వాటి మీద నీటికాకులు రెక్కలు చాపి ఆరబెట్టుకుంటాయి. ఎక్కడెక్కడి నుంచో బాతులు దిగుతాయి. నీళ్ళు తగ్గిన చోట పాత ఊరి గోడలు ఎర్రగా తేలతాయి. పగలు ఇంత అందంగా ఉంటుందా, పొద్దు వాలేసరికి నీళ్ళ మీంచి మంచు లేస్తుంది. చూస్తూండగానే ఎదుటి మెట్ట పోతుంది. తర్వాత రేవు పోతుంది. ఆ తర్వాత మన చెయ్యి మనకే కనిపించదు.

ఆ మంచులో పడవలు ఇంటికి ఎలా వస్తాయని మొదట్లో నేనూ అడిగాను. టార్చి వేస్తే ఎదురుగా తెల్లగోడ లేస్తుంది తప్ప దారి కనిపించదు. కేకేస్తే ఆ కేక ఏదో మెట్టకి తగిలి ఇంకెక్కడి నుంచో వినిపిస్తుంది. సెల్లు సంగతి సరేసరి, చర్చి వెనక రాయెక్కితే తప్ప సిగ్నల్ ఉండదు. అందుకని ఇక్కడి ఆడవాళ్ళు పళ్ళెం కొడతారు. రేవులో నిలబడి, స్టీలు పళ్ళేన్ని గరిటెతో. ఇంటికో దెబ్బ. ఒకరిది రెండు సాగదీసి కొట్టేది, ఒకరిది గబగబా కొట్టేది. నీళ్ళ మీద ఉన్న మగవాడు తన ఇంటి దెబ్బ వింటూ తెడ్డేసుకుని వచ్చేస్తాడు. పెళ్ళిలో ఆడపిల్లకి పేరు చెక్కించిన పళ్ళెం పెడతారు. మా అమ్మ కూడా సంతలో చెక్కించి ఇచ్చింది, "ఏంజెలిన్" అని, పక్కన చిన్న పువ్వు.

ఆ ఆడమనిషి పోతే, భర్త ఆ పళ్ళెం మధ్యలో మేకుతో కన్నం పొడిచి సమాధి మీద పెట్టి రావాలి. కన్నం పడ్డ పళ్ళెం మోగదు. మోగకూడదు కూడా. ఇది ఈ మెట్టల మీద పద్ధతి.

ఎలీయేజరు ఆ పని చెయ్యలేదు. తెరిసమ్మ పళ్ళెం మా ఇంట్లోనే, గోడకి మేకు మీద వేలాడుతూ ఉండేది. అంచున ఒక సొట్ట. నా పళ్ళెం దాని పక్క మేకుకి. నేను అన్నం వండుకుంటున్నా, తల దువ్వుకుంటున్నా, నిద్రపోతున్నా అది నన్ను చూస్తున్నట్టే ఉండేది. అడిగితే, "రేపు సేత్తానే" అనేవాడు. ఆ రేపు రెండు చలికాలాలు గడిచినా రాలేదు.

చచ్చినదానితో పోటీ ఏమిటని మీరనొచ్చు. బతికున్న సవతైతే జుట్టు పట్టుకోవచ్చు, రేవులో నిలబడి నాలుగు తిట్టొచ్చు. చచ్చినదాన్ని ఏం చేస్తాం? అది ముసలిదవదు. కూర మాడ్చదు. గొడవ పెట్టదు. నేను ఏది చేసినా పక్కన నిలబెట్టి చూడటానికి అది ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. తెరిసమ్మ పులుసు ఇలా పెట్టేది. తెరిసమ్మ వల ఇలా అల్లేది. అన్నిటికంటే ఒళ్ళు మండించేది ఆ దెబ్బ. టంగ్... టంగ్ టంగ్. ఒకటి, కాస్త ఆగి రెండు. నాది వేరు. టంగ్ టంగ్ టంగ్... టంగ్. నేను వచ్చిన మొదటి చలికాలం ఎలీయేజరు నా దెబ్బ పోల్చుకోలేక మేకలమెట్ట రేవుకి పోయాడు. ఊరంతా నవ్వారు.

ఎలీయేజరు మేనత్త యర్రమ్మ మా పక్కింట్లోనే ఉంటుంది. ఆవిడ ఆరోజే చెప్పింది.

"గుంటా, ఆయమ్మ కొట్టినట్టే కొట్టీ. ఆడి సెవి దానికే అలవాటు. నీకేటి పోయింది?"

"నేనేటి ఆయమ్మ దాసీనా అత్తా?" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "అదీ నీలాటిదేనే. ఆడు ఎవలితోనైనా నవ్వితే అన్నం తినీది కాదు. పడవ కట్టీదాకా పళ్ళెం దించీది కాదు," అంది.

వద్దనుకుంటూనే ఆ మాట గుర్తుపెట్టుకున్నాను. నా దెబ్బ మాత్రం మార్చలేదు. ఎలీయేజరే నేర్చుకున్నాడు. "నీది తెలిసిపోతందిలే," అనేవాడు. అన్నా నమ్మేదాన్ని కాదు. ఇటు వస్తున్నంతసేపూ లోపల ఆ పాత దెబ్బ కోసమే వెతుక్కుంటాడని నా అనుమానం.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం నీళ్ళు తోడుకుని ఇంట్లోకి వచ్చాను. ఎలీయేజరు తుండుగుడ్డతో ఆ పళ్ళెం తుడుస్తున్నాడు. మెల్లగా, గుండ్రంగా, చంటిపిల్ల ముఖం తుడిచినట్టు. నన్ను చూసి గబుక్కున మేకుకి తగిలించి, వల భుజానేసుకుని రేవుకి పోయాడు. నా పళ్ళెం పొగచూరి పక్కనే వేలాడుతోంది. దాన్ని ఒక్కనాడు తుడవలేదు.

ఆయన పడవ మెట్ట మలుపు తిరగ్గానే తెరిసమ్మ పళ్ళెం దించి, యర్రమ్మత్త చిన్న పడవ అడక్కుండానే తీసుకుని శిలువమెట్టకి తెడ్డేశాను. కన్నం పొడవాలని తెలియక కాదు. కన్నం భర్తే పొడవాలి. అడిగితే ఆయన మళ్ళీ దాన్ని ఒళ్ళో పెట్టుకుంటాడు, మళ్ళీ తుడుస్తాడు, ఒకవేళ ఏడుస్తాడు. ఆ మేకు కొట్టే పనికి కూడా ఆయన చెయ్యి దాని మీద పడకూడదనుకున్నాను.

శిలువమెట్ట మీద ఎండుగడ్డి మోకాలెత్తు ఉంది. కర్ర శిలువలు కొన్ని ఒరిగిపోయి ఉన్నాయి. తెరిసమ్మ సమాధి వెతకాల్సిన పని లేకపోయింది, చుట్టూ గడ్డి పీకి శుభ్రంగా ఉన్నది అదొక్కటే. ఎవరు పీకుతున్నారో నాకు అర్థమైంది. నాకు చేపలు తెస్తానని వెళ్ళి ఇక్కడ గడ్డి పీకుతున్నాడన్నమాట. పళ్ళేన్ని మట్టి మీద పడేశాను.

"ఇదిగో, నీ సొత్తు నువ్వే ఉంచుకో. ఆయన నావోడు. ఇటు తొంగిచూడకు," అన్నాను గట్టిగా.

తిరిగొచ్చి పడవెక్కి తెడ్డు వేస్తుంటే వెనక చిన్న చప్పుడు. టంగ్. ఏ ఉసిరికాయో రాలి పళ్ళెం మీద పడి ఉంటుంది అనుకున్నాను. అక్కడ ఉసిరిచెట్టు ఉందో లేదో వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ సాయంత్రం మంచు తొందరగా దిగింది. పొద్దు ఇంకా పూర్తిగా గూకనేలేదు, పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, గుమ్మంలోంచి చూస్తే రేవు లేదు. తడిసిన బూడిద వాసన. నీటికాకులు కూడా అరవడం మానేశాయి. ఎలీయేజరు ఇంకా రాలేదు. నా పళ్ళెం తీసుకుని రేవుకి దిగాను.

టంగ్ టంగ్ టంగ్... టంగ్.

కాసేపటికి దూరంగా తెడ్డు చప్పుడు వినిపించింది. గుబుక్, గుబుక్ అని నీళ్ళు తెగే చప్పుడు. ఆయన తెడ్డు నాకు తెలుసు, ఎడమవైపు కాస్త బరువుగా పడుతుంది. ప్రాణం కుదుటపడింది. మళ్ళీ కొట్టాను. చప్పుడు దగ్గరవుతోంది.

అప్పుడు ఎదుటి నుంచి వినిపించింది.

టంగ్... టంగ్ టంగ్.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. శిలువమెట్ట వైపు నుంచే. నిదానంగా, తొందరేమీ లేనట్టు. ఎన్నో ఏళ్ళుగా చేసే పనిని చేస్తున్నట్టు.

యర్రమ్మత్త ఎప్పుడొచ్చిందో నా పక్కనే ఉంది. ఆవిడ ఊపిరి నా చెవికి తగిలింది.

"ఆ పళ్ళెం ఎక్కడే?" అంది గుసగుసగా.

"అక్కడ... పెట్టీసొచ్చాను."

"కన్నం?"

"పొడవలేదు," అన్నాను. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది.

నీళ్ళ మీద తెడ్డు ఆగింది. "ఏంజిలీ..." అని ఎలీయేజరు పిలుపు, ఒకసారి కుడివైపు నుంచి, ఒకసారి వెనక నుంచి వినిపించింది. నేను గొంతు చించుకుని అరిచాను. నా అరుపూ అలాగే ముక్కలై ఎటో పోయింది.

టంగ్... టంగ్ టంగ్.

"ఆయమ్మ దెబ్బ కొట్టు," అంది యర్రమ్మత్త. "ఆడి సెయ్యి దానికే తిరుగుతాది. నువ్వు గట్టిగా కొట్టు, మన రేవే దగ్గర. ఇటే ఒత్తాడు. బేగి కొట్టీ గుంటా..."

అంత భయంలోనూ నాకు కోపమే వచ్చింది. దాని దెబ్బ నేను కొట్టాలి. దాని పేరుతో నేను పిలవాలి. ఆయన దాని కోసం తెడ్డేసుకుంటూ వచ్చి, నా ముఖం చూడాలి. అయినా మనిషి నీళ్ళ మీద ఉన్నాడు. పళ్ళు బిగించి కొట్టాను.

టంగ్... టంగ్ టంగ్.

అవతల ఆగిపోయింది.

అంతా నిశ్శబ్దం. మంచు నా ముఖం మీద చెమ్మగా అంటుకుంది. తెడ్డు కూడా కదలడం లేదు. మళ్ళీ కొట్టాను, తెరిసమ్మ దెబ్బే. గెలిచాననుకున్నాను.

అప్పుడు... అవతల నుంచి...

టంగ్ టంగ్ టంగ్... టంగ్.

నా దెబ్బ. నేను కొట్టినట్టే. చివరి దెబ్బకి ముందు నేను ఊపిరి పీల్చుకునేంతసేపు ఆగుతాను. అదీ ఆగింది.

యర్రమ్మత్త ప్రార్థన మొదలుపెట్టింది. నాకు ఒక్క మాటా వినిపించలేదు. నీళ్ళ మధ్య ఆగిన ఆ పడవే వింటున్నాను. ఒకవైపు పాత పెళ్ళాం దెబ్బ, అక్కడున్నది నేను. ఒకవైపు నా దెబ్బ, అక్కడున్నది అది. ఆయన ఎటు తిరుగుతాడు? ఇటు వస్తే బతుకుతాడు. కానీ ఇటు వస్తే, ఆయన వచ్చేది నా కోసం కాదు. నిజం చెప్తున్నాను, ఆ ఒక్క క్షణం ఏది కోరుకోవాలో నాకు తెలియలేదు.

తెడ్డు పడింది.

గుబుక్... గుబుక్... దూరంగా... ఇంకా దూరంగా...

ఆయన నా దెబ్బకే తిరిగాడు.

ముందు నాకు ఏడుపు రాలేదు. సంతోషం వచ్చింది. ఎంత పాడు సంతోషమో చూడండి. నన్నే ఎంచుకున్నాడని గుండె నిండిపోయింది. ఆ తర్వాతే ఎక్కడికి పోతున్నాడో గుర్తొచ్చి కేక పెట్టాను. నా దెబ్బ మళ్ళీ కొట్టాను, పిచ్చిదానిలా కొట్టాను. ఆలస్యమైపోయింది. అవతల పడవ ముక్కు ఇసకలో గీసుకున్న చప్పుడు వినిపించింది. ఎలీయేజరు నవ్వాడు. ఏదో అన్నాడు, ముద్దుగా. పళ్ళెం ఆగిపోయింది. నేను నీళ్ళలోకి దిగబోతే యర్రమ్మత్త నన్ను రెండు చేతులా వాటేసుకుని ఇసకలో కూలబడింది. ఆ మంచులో శిలువమెట్టకి పడవ వెయ్యడానికి ఊళ్ళో ఏ మగవాడూ గుమ్మం దాటలేదు.

తెల్లారి మంచు విడిపోతుంటే పడవ వచ్చింది. ఎలీయేజరే. ఈల వేసుకుంటూ వచ్చాడు. బట్టలు పొడిగా ఉన్నాయి. తల నున్నగా దువ్వి ఉంది. రేవులో నన్ను చూసి ముఖం చిట్లించాడు.

"బేగి లేచి ఎక్కడికెల్లిపోయావే? నే లేచేసరికి పక్కన నేవు."

"రాత్రి... ఎక్కడ పడుకున్నావు?" అన్నాను.

"అదేటి ప్రశ్న? మనింట్లోనే కదా."

"చేపలేవి?"

"నువ్వే వండీసావు కదే. ఎంత బాగుందో పులుసు." ఒక్క క్షణం ఆగి, కాస్త సిగ్గుపడుతూ అన్నాడు. "నిన్న ఒక్క మాటైనా గొడవెట్టనేదు. ఎప్పుడూ అలగుండొచ్చు కదా."

భయపడాల్సింది పోయి నేను కుతకుతలాడిపోయాను. నా పేరు పెట్టుకుని, నా కంటే మంచిదానిలా నటించి, నా మొగుడికి అన్నం పెట్టింది. ఇంతకంటే ఏ సవతైనా ఏం చెయ్యగలదు?

యర్రమ్మత్త మాత్రం ఆయన తల దగ్గరికి వంగి వాసన చూసి వెనక్కి తగ్గింది. వలిసె నూనె. మా ఇంట్లో కొబ్బరినూనె తప్ప ఏదీ ఉండదు. వలిసె నూనె రాసేది ఎవరో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ పగలే, భర్తే పొడవాలన్న పద్ధతి పక్కనపెట్టి, నేనూ యర్రమ్మత్తా మేకూ రాయీ తీసుకుని శిలువమెట్టకి వెళ్ళాం. సమాధి దగ్గర పళ్ళెం లేదు. గడ్డంతా వెతికాం. సమాధి పక్కన రాళ్ళ పొయ్యి ఒకటి కొత్తగా కనిపించింది. బూడిదలో చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంది. యర్రమ్మత్త మేకు అక్కడే పారేసి పడవ దగ్గరికి పరుగెత్తింది.

అప్పటి నుంచి ఎలీయేజరుని సాయంత్రాలు నీళ్ళ మీదికి వెళ్ళనివ్వలేదు. ఒకరోజు కడుపునొప్పి అన్నాను, ఒకరోజు ఇంటికప్పు బాగు చెయ్యమన్నాను. తెడ్డు వలిసె చేలో దాచేశాను. గొడవ పెట్టడం మానేశాను. పులుసు బాగా పెట్టాను. నవ్వాను. దాని కంటే మంచిదాన్నని చూపించాలని నేను పడ్డ పాట్లు ఆ దేవుడికే తెలియాలి. ఆయన తినేవాడు, బాగుందనేవాడు, మధ్యమధ్యలో నా ముఖం పరీక్షగా చూసేవాడు. ఎక్కడో చూసిన మనిషిని పోల్చుకుంటున్నట్టు.

నిన్న సాయంత్రం మళ్ళీ మంచు దిగింది. తలుపు గడియ పెట్టాను. ఇద్దరం పొయ్యి దగ్గర కూర్చున్నాం. ఆయన కంచంలో అన్నం, నా వెనక గోడకి నా పళ్ళెం. ఇంట్లో చేపల పులుసు వాసన, పొగ, వెచ్చదనం. ఆయన ఇంట్లోనే ఉన్నాడు, నా ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో. ఇంకేం చేస్తుందో చెయ్యమను అనుకున్నాను.

టంగ్ టంగ్ టంగ్... టంగ్.

ఎలీయేజరు ముద్ద కంచంలో వదిలేశాడు. తలెత్తి విన్నాడు. ముఖమంతా వెలిగింది.

"ఏంజిలి పిలుత్తంది," అన్నాడు.

"నేనిక్కడే ఉన్నాను కదయ్యా," అన్నాను. నవ్వబోయాను.

ఆయన నా వైపు తిరిగాడు. ఆ కళ్ళల్లో కోపం లేదు. భయం ఉంది. మెల్లగా వెనక్కి జరిగాడు, గోడ తగిలేదాకా.

"మరి... మరి నువ్వెవులివి?"

టంగ్ టంగ్ టంగ్... టంగ్.

నేను గబుక్కున లేచి గోడ మీది పళ్ళెం అందుకున్నాను. నా పేరు చూపిస్తాను, నా దెబ్బ నేనే కొట్టి వినిపిస్తాను, అప్పుడు తెలుస్తుంది ఎవరు ఎవరో. వెనక గడియ తీసిన చప్పుడైంది. మంచు లోపలికి వచ్చింది. పొయ్యి వెలుగులో పళ్ళెం తిప్పి చూశాను. నాదే. నా పేరే ఉంది, పక్కన చిన్న పువ్వు.

మధ్యలో కన్నం ఉంది. కొత్త మేకు కన్నం, అంచులు ఇంకా మెరుస్తున్నాయి.

అయినా గరిటె తీసుకుని కొట్టాను. బలం కొద్దీ కొట్టాను. మోగలేదు.